కారు కోసం చూడకుండా న్యూయార్క్: సబ్‌వేలో ఆరు వారాలు

అమెరికాలో పిల్లల ఇంటికి వెళ్ళిన తల్లిదండ్రులకు రెండో వారానికల్లా ఒక సంగతి తెలిసివస్తుంది. కారు నడపడం రానివారికి అక్కడ గడప దాటడం కష్టం. పిల్లలు సెలవు రోజున తీసుకెళ్ళినప్పుడు చూడటమే తప్ప, మనంతట మనం పది నిమిషాలు బయటకు వెళ్ళివచ్చే వీలు చాలా ఊళ్ళలో ఉండదు. మా అమ్మాయి న్యూజెర్సీలోని జర్నల్ స్క్వేర్ దగ్గర ఉండటం వల్ల మాకు ఆ బాధ తప్పింది. అక్కడి నుంచి పాథ్ అనే రైలు నది కింది సొరంగంలో న్యూయార్క్ నగరపు నడిబొడ్డు మాన్‌హాటన్‌కు చేరుస్తుంది. అక్కడ దిగితే న్యూయార్క్ సబ్‌వే. ఏప్రిల్, మే నెలల్లో ఆరు వారాల పాటు నేనూ మా ఆవిడా ఎవరి కారు కోసమూ చూడకుండా ఆ నగరమంతా తిరిగాం. నాకు అరవై ఆరేళ్ళు. మా ఆవిడకు కుడి మోకాలి నొప్పి ఉంది, పది మెట్లు ఎక్కితే ఒక్క నిమిషం ఆగాలి. ఈ సమీక్ష మాలాంటి వారిని దృష్టిలో పెట్టుకొని రాస్తున్నాను.

మన రైల్వే స్టేషన్లలో సబ్‌వే అంటే ఒక ప్లాట్‌ఫామ్ నుంచి మరొకదానికి వెళ్ళే కింది దారి అని అలవాటు. న్యూయార్క్‌లో సబ్‌వే అంటే రైలే. 1904 అక్టోబరు 27న సిటీ హాల్ నుంచి 145వ వీధి వరకు 28 స్టేషన్లతో మొదలైన ఈ వ్యవస్థలో ఇప్పుడు 472 స్టేషన్లు ఉన్నాయి. ప్రపంచంలో ఇన్ని స్టేషన్లున్న మెట్రో మరొకటి లేదు. రోజుకు ఇరవై నాలుగు గంటలూ బండ్లు నడుస్తాయి. ఇంత పెద్ద వ్యవస్థలో పరాయి ఊరివాళ్ళం తప్పిపోమా అన్న భయం మాకూ ఉండేది. నా అనుభవంలో తప్పిపోవడం పెద్ద సమస్య కాలేదు. తప్పు బండి ఎక్కినా దిగి ఎదురు బండి ఎక్కితే సరిపోతుంది. అసలు కష్టం మెట్లది, దాని గురించి తరువాత వివరంగా రాస్తాను.

ముందు ఛార్జీ సంగతి. హైదరాబాద్ మెట్రోలో దూరాన్ని బట్టి ఛార్జీ పడుతుంది, దిగేటప్పుడు కూడా కార్డు చూపించాలి. ఇక్కడ లోపలికి వెళ్ళేటప్పుడు ఒక్కసారి చూపిస్తే చాలు. ఒక్క స్టేషన్ దూరం వెళ్ళినా, ఇన్‌వుడ్ నుంచి ఫార్ రాకవే దాకా 31 మైళ్ళు నడిచే ఎ అనే రైలులో ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్ళినా, ఛార్జీ ఒక్కటే. 2026 జనవరి నుంచి అది 3 డాలర్లు. డాలరును రూపాయల్లోకి మార్చి చూసుకునే మన అలవాటుకు మొదట గుండె గుభేలుమంటుంది కానీ, సగం రోజు తిరిగే సందర్శకుడికి ఇంతకన్నా గిట్టుబాటైన ప్రయాణం ఆ నగరంలో లేదు. పైగా వారానికి ఒక హద్దు కూడా ఉంది. ఒకే కార్డును వాడుతూ ఉంటే, మొదటి ప్రయాణం నుంచి ఏడు రోజుల్లో 35 డాలర్లు పూర్తయ్యాక మిగతా ప్రయాణాలకు డబ్బు పడదు, అంటే పన్నెండు ప్రయాణాల తరువాత అంతా ఉచితమే. రైలు గేటు దగ్గర కార్డు చూపించినప్పటి నుంచి రెండు గంటల లోపు సిటీ బస్సు ఎక్కితే దానికి వేరే ఛార్జీ లేదు. పాథ్ రైలు మాత్రం వేరే సంస్థది కాబట్టి దాని ఛార్జీ వేరు. న్యూజెర్సీలో ఉండేవారు ఖర్చు లెక్క వేసుకునేటప్పుడు ఇది మరచిపోకూడదు.

పాత పసుపు రంగు మెట్రోకార్డు అమ్మకం 2025 డిసెంబరు 31తో ఆగిపోయింది. ఇప్పుడు ఆమ్నీ అనే పద్ధతి ఉంది. గేటు దగ్గర చిన్న తెర మీద బ్యాంకు కార్డునో, ఫోనునో, స్టేషన్‌లోని యంత్రం దగ్గర కొన్న ఆమ్నీ కార్డునో తాకిస్తే చాలు. ఇందులో మన దేశం నుంచి వెళ్ళేవారు జాగ్రత్త పడవలసిన విషయాలు రెండు ఉన్నాయి. మొదటి రోజు నా బ్యాంకు కార్డును గేటు తీసుకోలేదు. వెనుక నలుగురు మనుషులు నిలబడి ఉన్నారు, నాకు చెమటలు పట్టాయి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం మన కార్డులు చేతికి వచ్చేటప్పుడు దేశం లోపలి వాడకానికే పనిచేస్తాయి. విదేశీ లావాదేవీలనూ, తాకించి చెల్లించే సౌకర్యాన్నీ మనమే విడిగా ప్రారంభించుకోవాలి. నేను మొదటిది చేసి రెండోది మరచిపోయాను. ఆ రాత్రి బ్యాంకు యాప్‌లో సరిచేసుకున్నాక మళ్ళీ ఇబ్బంది రాలేదు. రెండోది, ఒక కార్డుతో భార్యాభర్తలిద్దరూ లోపలికి వెళ్ళవచ్చు కానీ, వారపు హద్దు లెక్కలోకి రెండో మనిషి ప్రయాణం రాదు. అందువల్ల ఎవరి కార్డు వారికి ఉండాలి. ఒకసారి ఫోను, ఒకసారి కార్డు తాకించినా అవి రెండు వేర్వేరు లెక్కలుగా నమోదవుతాయి. మా ఆవిడకు ఒక ఆమ్నీ కార్డు కొని, నగదు వేసి, ఆవిడ చేతిసంచిలోనే ఉంచాం.

దిక్కు తెలుసుకోవడం సులువే. మాన్‌హాటన్‌లో వీధులకు సంఖ్యలు ఉంటాయి, ఉత్తరానికి వెళ్ళేకొద్దీ సంఖ్య పెరుగుతుంది. పెరిగే వైపు వెళ్ళే బండి అప్‌టౌన్, తగ్గే వైపు వెళ్ళేది డౌన్‌టౌన్. అయితే చిన్న స్టేషన్లలో చాలాచోట్ల ఈ రెండు వైపులకూ దారులు వీధికి అటూ ఇటూ విడివిడిగా ఉంటాయి. అప్‌టౌన్ దారిలో దిగి, కార్డు తాకించి, ఆ తరువాత మనకు కావలసింది డౌన్‌టౌన్ అని తెలుసుకుంటే, బయటకు వచ్చి వీధి దాటి మళ్ళీ ఛార్జీ కట్టాలి. మెట్ల మొదట ఉన్న బోర్డును చదివి దిగడం ఒక్కటే దీనికి మందు. కొన్ని దారుల దగ్గర స్తంభాల మీద గుండ్రటి దీపాలు కనిపిస్తాయి. ఆకుపచ్చది అయితే ఆ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఎరుపు అయితే కొన్ని వేళల్లోనే తెరుస్తారు, లేదా బయటకు రావడానికి మాత్రమే.

ఇక్కడి బండ్లకు అక్షరమో అంకెనో పేరు, దానికొక రంగు ఉంటాయి. ఆ రంగులను నమ్ముకోవడం పొరపాటని మాకు మొదటి వారంలోనే తెలిసింది. ఒక బుధవారం ఉదయం నేచురల్ హిస్టరీ మ్యూజియానికి బయలుదేరాం. దానికి 81వ వీధి స్టేషన్‌లో దిగాలి. హెరాల్డ్ స్క్వేర్‌లో నారింజ రంగు వలయంలో బి అని ఉన్న బండి ఎక్కమని అమ్మాయి చెప్పింది. అదే ప్లాట్‌ఫామ్ మీదకు, అదే నారింజ రంగుతో డి బండి ముందు వచ్చింది. రంగు ఒకటే కదా అని ఎక్కాం. 59వ వీధి దాకా రెండూ ఒకే స్టేషన్లలో ఆగుతాయి కాబట్టి అనుమానం రాలేదు. అది దాటాక బండి వేగం అందుకుంది. కిటికీ పక్కనుంచి ఒక స్టేషన్ దీపాలు వెనక్కి పరుగెత్తాయి. "ఏమండీ, డెబ్బై రెండు ఆగలేదు" అని మా ఆవిడ అంది. మరుక్షణం 81 అన్న అంకె కూడా కంటి ముందు నుంచి వెళ్ళిపోయింది. ఆ బండి మళ్ళీ ఆగింది 125వ వీధిలో, హార్లెమ్‌లో. మన ప్యాసింజరు బండికీ ఎక్స్‌ప్రెస్‌కూ ఉన్న తేడాయే ఇది. ఇక్కడ చాలా దారుల్లో నాలుగు పట్టాలు వేసి, రెండింటి మీద అన్ని స్టేషన్లలో ఆగే బండ్లనూ, రెండింటి మీద ముఖ్యమైన స్టేషన్లలోనే ఆగే బండ్లనూ నడుపుతారు. నూట ఇరవై ఏళ్ళ కిందట మొదటి దారి వేసేనాడే ఇంత ముందుచూపుతో నాలుగు పట్టాలు వేశారంటే నాకు గౌరవం కలిగింది. ఎక్స్‌ప్రెస్ ఏ స్టేషన్‌లో ఆగుతుందో, ఎక్కడ ఆగదో ముందే పటంలో చూసుకోవాలని ఆ రోజే నేర్చుకున్నాం. మాన్‌హాటన్ నడిమి భాగంలో ఒకే పెద్దవీధి కింద నడిచే బండ్లన్నిటికీ ఒకే రంగు ఇచ్చారు. కాబట్టి రంగును కాక అక్షరాన్నో అంకెనో చూసి ఎక్కాలి. 125లో గేటు దాటకుండానే ఎదురు ప్లాట్‌ఫామ్‌కు వెళ్ళి వెనక్కి వచ్చాం, అదనంగా డబ్బు పడలేదు. మ్యూజియం స్టేషన్ గోడల మీద పలకలతోనూ లోహంతోనూ చేసిన జంతువుల బొమ్మలు చూస్తూ పావుగంట అక్కడే నిలబడిపోయాం.

ఏ బండి అయినా స్టేషన్‌లో ఆగగానే జరిగే ఒక చిన్న తతంగం మమ్మల్ని ఆకట్టుకుంది. ప్లాట్‌ఫామ్ మధ్యలో తలకు పైన నలుపు తెలుపు చారలున్న ఒక పలక వేలాడుతూ ఉంటుంది. బండి నడిమి పెట్టె కిటికీ తెరుచుకుంటుంది, కండక్టరు తల బయటపెట్టి, చూపుడు వేలు ఎత్తి ఆ పలకను చూపిస్తాడు. ఆ తరువాతే తలుపులు తెరుస్తాడు. బండి పూర్తిగా ప్లాట్‌ఫామ్ మీదకు వచ్చిందని తన కంటితో సరిచూసుకున్నట్టు ఆ వేలే సాక్ష్యం. ప్రతి స్టేషన్‌లో, ప్రతిసారీ ఇలాగే చేస్తారు. దీని వల్ల ప్రయాణికులకు ఒక మేలు కూడా ఉంది. చారల పలక కింద నిలబడితే కండక్టరు సరిగ్గా మన ఎదుటే ఆగుతాడు, "ఈ బండి ఫలానా చోట ఆగుతుందా" అని అడగవచ్చు. మేము అడిగిన ప్రతిసారీ తల ఊపో చేయి చూపో జవాబు దొరికింది. పెద్దవాళ్ళు ప్లాట్‌ఫామ్ చివరలకు వెళ్ళకుండా అక్కడే నిలబడటం అన్ని విధాలా మంచిది.

ఇక మెట్ల విషయం. ఇది ఈ సేవలోని అతి పెద్ద లోపం. 472 స్టేషన్లలో లిఫ్టు లేదా ర్యాంపు ఉన్నవి సుమారు మూడో వంతే. ఇది పాత వ్యవస్థ, వీధిని తవ్వి, పట్టాలు వేసి, పైన కప్పు వేసి కట్టిన స్టేషన్లు అనేకం. వాటిలో ఇప్పుడు లిఫ్టు పెట్టాలంటే నీటి గొట్టాలు, కరెంటు తీగలు, పక్క భవనాల పునాదులు అన్నీ అడ్డం వస్తాయి. 2055 నాటికి 95 శాతం స్టేషన్లను అందరికీ అనువుగా చేస్తామని 2022లో కోర్టు వ్యాజ్యాల పరిష్కారంలో భాగంగా యాజమాన్యం ఒప్పుకుంది. కారణాలు ఎంత సబబైనవైనా, చక్రాల కుర్చీలో ఉన్న మనిషికీ, చంటిబిడ్డను తోపుడు బండిలో తెచ్చే తల్లికీ ఇంకా దాదాపు ముప్పై ఏళ్ళు ఆగమని చెప్పడం న్యాయంగా తోచలేదు. ఒక సాయంత్రం ఒక యువతి బిడ్డ ఉన్న బండిని ముందు వైపు తాను పట్టుకొని మెట్ల మొదట నిలబడితే, దారిన పోయే అబ్బాయి ఒకడు మాట లేకుండా వెనుక వైపు ఎత్తి పట్టుకొని కిందికి దించి, అలాగే వెళ్ళిపోయాడు. ఆ సాయం ఆ నగరంలో రోజూ కనిపిస్తుంది. కానీ అవసరం మెట్ల వల్ల వచ్చినదే కదా.

మా ప్రయాణాలను మేము లిఫ్టుల చుట్టూ అల్లుకున్నాం. పటంలో చక్రాల కుర్చీ గుర్తు ఉన్న స్టేషన్లు ఏవో చూసి, వాటి మధ్యనే బండ్లు మారేవాళ్ళం. దగ్గరి స్టేషన్‌లో మెట్లుంటే, ఒక స్టేషన్ ముందో వెనుకో లిఫ్టు ఉన్నచోట దిగి సమతలం మీద నడవడమే మా ఆవిడ మోకాలికి హాయి. యాజమాన్యం యాప్‌లో ఏ లిఫ్టు ఆ రోజు పనిచేస్తోందో, ఏది మరమ్మతులో ఉందో చూపిస్తారు. బయలుదేరే ముందు ఆ ఒక్క పేజీ చూడటం మాకు రోజువారీ అలవాటు అయింది. ఫోనులోని పటాల యాప్‌లో చక్రాల కుర్చీకి అనువైన దారి అని ఎంచుకుంటే మెట్లు లేని మార్గాన్నే చూపిస్తుంది. ఇంకొక మెలిక ఉంది. కొన్ని స్టేషన్లలో ఒక వైపుకే అనువైన దారి ఉంటుంది. నాటకశాలల దగ్గరి 49వ వీధి స్టేషన్‌లో అప్‌టౌన్ వైపు మాత్రమే ఆ సౌకర్యం ఉంది. వెళ్ళేటప్పుడు సుఖంగా వెళ్ళి, వచ్చేటప్పుడు మెట్ల ముందు చిక్కుకోకుండా రెండు వైపులూ ముందే చూసుకోవాలి. హెరాల్డ్ స్క్వేర్, గ్రాండ్ సెంట్రల్, టైమ్స్ స్క్వేర్, ఫుల్టన్ వీధి వంటి పెద్ద స్టేషన్లలో లిఫ్టులు ఉన్నాయి కానీ అవి ఎక్కడున్నాయో వెతుక్కుంటూ నడిచే దూరమూ తక్కువేమీ కాదు.

శుభ్రత విషయంలో ఢిల్లీ, హైదరాబాద్ మెట్రోలు చూసిన కళ్ళకు ఈ స్టేషన్లు నిరాశ కలిగిస్తాయి. పైకప్పు నుంచి కారిన నీటి చారలు, పట్టాల మధ్య చెత్త, అప్పుడప్పుడు పరుగెత్తే ఎలుకలు మామూలే. బండిలో ఏసీ చల్లగా ఉంటుంది, ప్లాట్‌ఫామ్ మీద ఉండదు. మే నెలాఖరుకే కింద ఉక్కపోత మొదలైంది. మరుగుదొడ్లు చాలా స్టేషన్లలో లేవు, ఉన్నచోట రాత్రిపూట మూసేస్తారు. మధుమేహం ఉన్నవారికి ఇది చిన్న విషయం కాదు. గ్రాండ్ సెంట్రల్ స్టేషన్, బ్రయంట్ పార్క్, పెద్ద గ్రంథాలయాలు దారిలో ఎక్కడ వస్తాయో ముందే గుర్తుపెట్టుకుంటే మేలు. రద్దీగా ఉన్న బండిలో ఒక్క పెట్టె మాత్రం ఖాళీగా వస్తే సంబరపడి ఎక్కవద్దని అమ్మాయి చెప్పింది. ఏసీ పాడై ఉండటమో, భరించలేని వాసనో కారణమై ఉంటుందట.

ఇన్ని లోపాలున్నా మేము వారం వారం ఎదురుచూసిన ప్రయాణం ఒకటి ఉంది, 7వ నంబరు బండి. టైమ్స్ స్క్వేర్‌లో ఎక్కితే నది కింద నుంచి వెళ్ళి, నగరంలోనే క్వీన్స్ అనే ప్రాంతంలో ఒక్కసారిగా భూమి పైకి, అక్కడి నుంచి వీధులకు పైన ఎత్తైన ఇనుప వంతెన మీదకు వస్తుంది. వెనక్కి తిరిగి చూస్తే మాన్‌హాటన్ భవనాలన్నీ వరుసలో నిలబడి కనిపిస్తాయి. ఎత్తున, వెలుతురులో సాగే ఆ భాగంలో హైదరాబాద్ మెట్రోలో కూర్చున్నట్టే ఉంటుంది. బండి ముందు గుండ్రటి వలయంలో 7 ఉంటే అన్నిచోట్లా ఆగుతుంది, డైమండ్ గుర్తులో 7 ఉంటే అది ఎక్స్‌ప్రెస్. 74వ వీధిలో, జాక్సన్ హైట్స్‌లో దిగాలంటే గుండ్రటిదే ఎక్కాలి. అక్కడ కరివేపాకు, మునక్కాడలు, ఇడ్లీ రవ్వ, ఏది కావాలన్నా నడిచి వెళ్ళేంత దూరంలోనే. ఇదే స్టేషన్‌కు లాగార్డియా విమానాశ్రయం నుంచి క్యూ 70 అనే ఉచిత బస్సు వస్తుంది, అక్కడ దిగే బంధువులకు ఇది చెప్పి ఉంచండి.

అదే బండి చివరి స్టేషన్ ఫ్లషింగ్ మెయిన్ స్ట్రీట్, లిఫ్టు ఉంది. అక్కడి నుంచి బస్సులో కొద్ది దూరం వెళ్ళి, కాస్త నడిస్తే బౌన్ వీధిలో 1977లో ప్రతిష్ఠ జరిగిన మహావల్లభ గణపతి దేవస్థానం. దర్శనం చేసుకొని, కింది అంతస్తులోని క్యాంటీన్‌లో దోసె తిని, మళ్ళీ అదే 7 ఎక్కితే చీకటి పడకముందే ఇల్లు చేరేవాళ్ళం. కొడుకునో కూతురినో సెలవు పెట్టమని అడగకుండా ఒక శుక్రవారం ఉదయం ఇద్దరమే గుడికి వెళ్ళి రాగలగడం మాకు ఎంత విలువైనదో, ఆ దేశంలో కొన్నాళ్ళు ఉన్న తల్లిదండ్రులకు వేరే చెప్పనక్కరలేదు. ఆరు వారాల్లో నాలుగుసార్లు వెళ్ళాం.

శని, ఆదివారాల్లో మాత్రం తొందర పనులు పెట్టుకోవద్దు. ఇరవై నాలుగు గంటలూ బండ్లు నడిపే వ్యవస్థకు మరమ్మతులు చేయడానికి వేరే వేళ దొరకదు కాబట్టి, వారాంతాల్లోనూ రాత్రుల్లోనూ దారులు మారుస్తారు. ఎక్స్‌ప్రెస్ ప్యాసింజరు అవుతుంది, ఒక దారి బండి ఇంకో దారిలో వెళ్తుంది, మ్యూజియానికి మేము ఎక్కవలసిన ఆ బి బండి అసలు వారాంతంలో నడవదు. స్తంభాలకు అంటించిన కాగితాలు చదవాలి. స్టేషన్లలో ఫోను సిగ్నల్ ఉంటుంది, సొరంగంలో చాలా చోట్ల పోతుంది, కనుక దారిని ముందే ఫొటో తీసి పెట్టుకోవాలి. బండి వచ్చేటప్పుడు పసుపు అంచుకు దూరంగా, గోడ వైపు నిలబడటం, రాత్రి పది దాటాక బయట ఉండకపోవడం మేము మానకుండా పాటించాం. మాకు ఏ ఇబ్బందీ ఎదురుకాలేదు.

తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు, కెనాల్ వీధి నుంచి క్యూ బండిలో బ్రూక్లిన్ వైపు వెళ్ళాం. అది సొరంగం వదిలి మాన్‌హాటన్ వంతెన ఎక్కుతుంది. పక్కనే బ్రూక్లిన్ వంతెన, కింద పడవలు, దూరంగా స్వేచ్ఛా ప్రతిమ. కూర్చోవడానికి చోటు ఉన్నా మా ఆవిడ లేచి వెళ్ళి, స్తంభం పట్టుకొని, తలుపు అద్దం దగ్గర వంతెన దాటేవరకు నిలబడే ఉంది. డికాల్బ్‌లో దిగి, ఎదురు బండి ఎక్కి, అదే వంతెన మీదుగా మళ్ళీ వెనక్కి వచ్చాం.